ఓటీజీలో ఆలుగడ్డలు ఎర్రగా, కరకరలాడుతూ రావాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కూకట్‌పల్లిలో ఉంటున్నారు, కొత్తగా 28 లీటర్ల ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసి ఉండే చిన్న కరెంటు ఓవెన్) కొన్నారు, శనివారం రాత్రి పదిమంది భోజనానికి వస్తున్నారు. బిర్యానీ బయట నుంచి తెప్పిస్తున్నారు కాబట్టి స్టార్టర్‌గా ఓవెన్‌లో కాల్చిన ఆలుగడ్డలు ఇంట్లోనే చేద్దామనుకున్నారు. మొన్న కిలో ఆలుగడ్డలు కోసి, నూనె, ఉప్పు, కారం, పసుపు పట్టించి, 180 డిగ్రీల మీద 40 నిమిషాలు పెడితే ముక్కలు పాలిపోయి, పైన సాగుతూ, లోపల అక్కడక్కడా పచ్చిగా వచ్చాయి. కారం మాత్రం మాడింది. నూనె తక్కువైందా, ఓవెన్‌లో లోపమా, లేక డీప్ ఫ్రై చేసుకోవడమే మేలా అని అడిగారు.

నేను ఇంటి నుంచే చిన్న చిన్న పార్టీలకు వండి ఇస్తుంటాను. చాలామంది అడిగి మరీ చేయించుకునే ఐటమ్ ఇది. మీరు చెప్పినదాన్ని బట్టి ఓవెన్‌లో లోపం లేదు, నూనెదీ సమస్య కాదు. ముక్కల్లో తడి పోలేదు, అంతే. ఆలుగడ్డలో దాదాపు 80 శాతం నీళ్లే. ముక్క పైన తడి ఉన్నంతసేపూ అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రబడి, ఆ కమ్మని వాసన రావాలంటే పైపొర 140 డిగ్రీలు దాటాలి. అందుకే తడి ఆరేదాకా ఎంతసేపు పెట్టినా ముక్క రంగు తిరగదు. పైగా ఓటీజీ మూసి ఉన్న పెట్టె. కిలో ముక్కలు ఒకే ట్రేలో ఇరికిస్తే ఒకదాని ఆవిరికి పక్కది ఉడుకుతుంది. మీ ట్రేలో ముక్కలు వేగలేదు, ఉడికాయి.

ఇంకో సంగతి. మన చేతులకు వేపుడు అలవాటు. ముక్కలు బాణలిలో పడ్డప్పుడే పసుపు, ఉప్పు వేస్తాం, మగ్గడానికి మూత పెడతాం, అట్లకాడతో తిప్పుతూనే ఉంటాం. వేపుడుకు అవన్నీ సరైన పనులే. ఓవెన్ దగ్గర మాత్రం ఆ అలవాట్లను పక్కన పెట్టాలి. ఇక్కడ ముక్కను ముందే ఉడికించి, ఆరబెట్టి, బాగా వేడెక్కిన చోట కదపకుండా వదిలేయాలి. మసాలా పని చివర్లో.

ముందు ఆలుగడ్డ సంగతి చెప్తాను, సగం ఫలితం అక్కడే ఉంటుంది. ఎర్రగడ్డ రైతుబజార్‌కు వెళ్లినా, బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్లినా ఎక్కువగా కనబడేవి ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చే ఆగ్రా ఆలు. చలికాలం చివర్లో జహీరాబాద్ వైపు నుంచి కొత్త పంట కూడా వస్తుంది. తొక్క పల్చగా, బొటనవేలితో రుద్దితే ఊడొచ్చేలా ఉన్న కొత్త ఆలుగడ్డల్లో నీళ్లెక్కువ, పిండి తక్కువ. కూరకు, కుర్మాకు బాగుంటాయి గానీ వీటితో కరకర రావడం కష్టం. తొక్క కాస్త మందంగా, ఆరినట్టుగా, చేతికి బరువుగా తగిలే పాత ఆలుగడ్డలు తీసుకోండి. దుకాణంలో చిప్సోనా అని విడిగా అమ్ముతుంటే అవి మరీ మంచిది. సిమ్లాలోని కేంద్ర ఆలుగడ్డల పరిశోధనా సంస్థ చిప్స్ తయారీ కోసమే తయారుచేసి 1998లో విడుదల చేసిన రకం అది. పిండి ఎక్కువ, తీపి తక్కువ.

తెచ్చినవి ఎలాంటివో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఏదైనా చిన్న కప్పుతో ఒక కొలత ఉప్పు, అదే కప్పుతో 11 కొలతల నీళ్లు కలిపి, ఉప్పు పూర్తిగా కరిగాక ఒక ఆలుగడ్డను వేయండి. మునిగితే పిండి బాగా ఉన్నట్టు, తేలితే నీటి ఆలుగడ్డ అన్నట్టు. తేలినవాటిని పక్కన పెట్టి ఆదివారం కూర చేసుకోండి.

కొన్నాక వాటిని ఫ్రిజ్‌లో పెట్టకండి. బాగా చల్లటి చోట పచ్చి ఆలుగడ్డలోని పిండి చక్కెరగా మారుతుంది. అలాంటి ముక్క ఓవెన్‌లో ఉడకకముందే నల్లబడుతుంది, తింటే తియ్యగా ఉంటుంది. గాలి తగిలే బుట్టలో, వెలుతురు పడని మూల ఉంచితే చాలు. పచ్చరంగు తిరిగినవాటిని, మొలకలు బాగా వచ్చినవాటిని అతిథులకే కాదు, ఇంట్లోవాళ్లకూ వాడొద్దు. ఆ పచ్చదనంతో పాటు సోలనిన్ అనే చేదు విషం పెరుగుతుంది, వండినా అది పోదు.

ఎంత కావాలి? వెనక బిర్యానీ ఉంది కాబట్టి పదిమందికి కిలోన్నర సరిపోతుంది. బిర్యానీ లేకుండా పప్పుచారు, అన్నంలోకి నంజుకోవడానికి అయితే రెండు కిలోలు చేయమనేదాన్ని. పప్పుచారు అన్నంతో ఇవి ఎంత బాగుంటాయో ఒకసారి తిని చూడండి. కాలిన తర్వాత నీళ్లు పోయి బరువు బాగా తగ్గుతుంది, అది ముందే లెక్కలో పెట్టుకోండి.

తొక్క తీసి, మధ్యరకం ఆలుగడ్డను నాలుగు ముక్కలు చేయండి, పెద్దదైతే ఆరు. అన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉండాలి. వేపుడు ముక్కల్లా చిన్నగా కోస్తే లోపల మెత్తటి భాగమే మిగలదు, అంతా ఎండిపోతుంది. కోసినవాటిని ఒకసారి కడిగి, పెద్ద గిన్నెలో వేసి చల్లటి నీళ్లు పోయండి. కిలోన్నరకు మూడు లీటర్లు. మరిగే నీళ్లలో వేస్తే బయట చితికిపోయి లోపల పచ్చిగా ఉంటుంది, అందుకే చల్లటి నీళ్లతోనే మొదలుపెట్టాలి. అందులో టేబుల్ స్పూన్ నిండుగా ఉప్పు, ముప్పావు టీస్పూన్ వంట సోడా వేయండి. బేకింగ్ పౌడర్ కాదు, బజ్జీల పిండిలో వేసే తినే సోడా. సోడా వల్ల ముక్క పైపొర కరిగి పిండి బయటికొస్తుంది. ఓవెన్‌లో ఎండి కరకరలాడేది ఆ పిండే. అంతకంటే ఎక్కువ వేస్తే సబ్బు రుచి వస్తుంది, కొలత దాటొద్దు.

నీళ్లు మరగడం మొదలయ్యాక 8 నుంచి 10 నిమిషాలు. మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లయితే ఇంకో రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు, నీళ్లలో సున్నం ఎక్కువైతే ముక్క త్వరగా మెత్తబడదు. గడియారం కంటే చాకు మొన నమ్మండి. గుచ్చితే తేలిగ్గా దిగాలి, ముక్క మాత్రం విడిపోకూడదు. అంచులు కొద్దిగా కరుగుతున్నట్టు కనబడితే దించేయొచ్చు. కుక్కర్ వద్దు. ఒక్క విజిల్ ఎక్కువైనా ముద్దైపోతుంది.

ఇప్పుడు చెప్పబోయే పని మీద కాస్త శ్రద్ధ పెట్టండి. నీళ్లన్నీ పూర్తిగా వంచేసి, ముక్కల్ని మళ్లీ అదే ఖాళీ గిన్నెలో వేసి, సన్నటి మంట మీద ఒక నిమిషం ఉంచండి. అడుగున మిగిలిన తడి చుయ్యిమంటూ ఆవిరై పోతుంది. స్టవ్ ఆపి, మూత పెట్టి, గిన్నెను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ నాలుగైదుసార్లు గట్టిగా కుదపండి. మూత తీసి చూస్తే ముక్కల మూలలు గరుకుగా, ఉప్మా రవ్వ అద్దినట్టుగా కనబడాలి. నున్నగానే ఉంటే ఇంకో రెండుసార్లు కుదపండి. ఆ గరుకుతనంలో నూనె పట్టుకుని ఒక్కో గరుకూ విడివిడిగా ఎర్రబడుతుంది. నున్నటి ముక్కకు ఎంత నూనె పోసినా పైనుంచి జారిపోవడమే. తర్వాత వెడల్పాటి పళ్లెంలో పరిచి ఫ్యాన్ కింద పెట్టండి. ముక్క మీద నుంచి పొగలా లేచే ఆవిరి ఆగిపోయి, పైన తెల్లగా, పొడిగా కనబడేదాకా అక్కడే ఉండనివ్వండి. మొన్న మీరు చేసినదానికి, శనివారం చేయబోయేదానికి తేడా అంతా ఇక్కడే వస్తుంది.

నూనె కిలోన్నరకు ఐదు టేబుల్ స్పూన్లు. రిఫైన్డ్ పల్లీ నూనె, తవుడు నూనె, పొద్దుతిరుగుడు ఏదైనా సరే. గానుగ నూనె రుచి నాకు ఇష్టమే అయినా ఇంత వేడికి పొగ వస్తుంది, దీనికి వద్దు. ఐదింటిలో రెండు స్పూన్లు నెయ్యి వేస్తే వాసన ఇల్లంతా నిండుతుంది. కాల్చడానికి ముందు ముక్కలకు పట్టించాల్సింది నూనె, కొంచెం ఉప్పు మాత్రమే.

ఓవెన్ దగ్గరకు వద్దాం. 180 చాలదు. 220 పెట్టండి. పైరాడ్, కిందిరాడ్ రెండూ వెలగాలి, ఫ్యాన్ ఉన్న మోడల్ అయితే ఫ్యాన్ కూడా వేయండి, ఆవిరిని తరిమేది అదే. ఖాళీ ట్రేను లోపల పెట్టే పావుగంటపైన వేడెక్కనివ్వండి. వేడి ట్రే మీద ముక్క పడగానే చర్రుమనాలి. శబ్దం రాకపోతే ట్రే ఇంకా వేడెక్కలేదని అర్థం. చిన్న ఓటీజీల్లో నాబ్ మీద చూపించే అంకెకు, లోపలి అసలు వేడికి తేడా ఉండటం మామూలే. లోపల వేలాడదీసే ఓవెన్ థర్మామీటర్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. కొత్తగా ఓవెన్ కొన్నవాళ్లందరికీ నేను మొదట కొనమని చెప్పేది అదే.

28 లీటర్ల ట్రేలో ఒకసారికి ముప్పావు కిలో మించి పెట్టకండి. ముక్కకూ ముక్కకూ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి, కోసిన చదునైన వైపు ట్రేకు ఆనాలి. అంటే కిలోన్నర రెండు విడతలవుతుంది. పని పెరుగుతుందని బాధపడకండి, ఇంటికి నలుగురు వచ్చినప్పుడు ఈ రెండు విడతలే మీకు కలిసొస్తాయి, ఎలాగో కింద చెప్తాను. అడుగున బటర్ పేపర్ వేయాల్సిన అవసరం లేదు. ఆ పేరుతో అమ్మేవన్నీ 220 డిగ్రీలు తట్టుకోవు. వేడి ట్రేకు పల్చగా నూనె రాస్తే సరిపోతుంది.

కరెంటు గురించి ఒక్క మాట. 1600 వాట్ల ఓటీజీ దాదాపు 7 ఆంప్స్ లాగుతుంది. మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డు, చిన్న 6 ఆంప్స్ ప్లగ్గు దానికి సరిపోవు, వైరు వేడెక్కుతుంది. వంటగదిలో పెద్ద పిన్నుల 16 ఆంప్స్ ప్లగ్గుకే పెట్టండి, అదే లైను మీద కెటిల్, మైక్రోవేవ్ ఒకేసారి వేయకండి. మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద ఓటీజీ నడవదు, కాబట్టి కరెంటు పోయే అవకాశం ఉంటే మొదటి కాల్పు కాస్త ముందుగానే ముగించుకోండి.

లోపల పెట్టాక 20 నిమిషాలు తలుపు తీయకండి. ఆ తర్వాత తీసేటప్పుడు మొహం దూరంగా పెట్టుకోండి, ఆవిరి ఒక్కసారిగా మీదికొస్తుంది. పల్చటి అట్లకాడ ముక్క కిందికి పోనిచ్చి చూడండి. తేలిగ్గా లేస్తే తిప్పేయండి. అతుక్కుంటే ఇంకా పొర కట్టలేదని అర్థం, బలవంతం చేస్తే ఎర్రబడుతున్న పొర ట్రేకే ఉండిపోతుంది. మూసి ఇంకో ఐదు నిమిషాలు ఆగండి. తిప్పాక మరో 20 నుంచి 25 నిమిషాలు. బంగారు రంగు రాగానే చాలు. నల్లబడేదాకా ఉంచితే చేదు రావడమే కాదు, అక్రిలమైడ్ అనే పదార్థం కూడా పెరుగుతుంది, అది ఒంటికి మంచిది కాదు.

మసాలా ఎప్పుడు? దించిన వెంటనే. ముక్కలు ఇంకా చిటపటలాడుతుండగా పెద్ద బేసిన్‌లో వేసి పైన చల్లి ఎగరేయండి, ఆ వేడికే పట్టుకుంటుంది. కారప్పొడి, వెల్లుల్లి రెండూ 220 డిగ్రీల్లో 40 నిమిషాలు తట్టుకోలేవు. మొన్న 180లోనే మీ కారం మాడింది కదా. నేను ఎక్కువగా చేసేది వెల్లుల్లి కారం: చిన్న గిన్నెలో రెండు స్పూన్ల నెయ్యి వేడిచేసి, కచ్చాపచ్చాగా దంచిన ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, రెండు రెమ్మల కరివేపాకు వేసి, వెల్లుల్లి రంగు తిరుగుతుండగా దించి, అప్పుడు కారం, వేయించి దంచిన జీలకర్ర కలపడమే. మంట మీద ఉండగా కారం వేయొద్దు. వచ్చేవాళ్లలో వెల్లుల్లి తిననివాళ్లు ఎవరైనా ఉన్నారేమో ముందే కనుక్కోండి. ఉంటే ఒక విడతను మిరియాలు, జీలకర్ర, కరివేపాకుతో చేసి వేరే బేసిన్‌లో, వేరే గరిటెతో కలపండి. పిల్లలకూ ఆ గిన్నెలోంచే పెట్టొచ్చు.

ఇక శనివారం సాయంత్రం. హైదరాబాద్‌లో ఎనిమిదింటికి రమ్మంటే సగం మంది ఎనిమిదిన్నరకు, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లు తొమ్మిదికి వస్తారు. ఆలుగడ్డలేమో దించిన పావుగంటలోపు తింటేనే బాగుంటాయి. ఈ రెండింటినీ కలపాలంటే పనిని రెండుగా విడగొట్టాలి. మధ్యాహ్నం మూడింటికి ఉడికించి, కుదిపి, ఆరబెట్టి, చల్లారాక పళ్లెం మీద మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టేయండి. పచ్చి ఆలుగడ్డకు ఫ్రిజ్ పడదు గానీ ఉడికినదానికి పరవాలేదు, పైగా ఆ చల్లటి పొడి గాలికి పైతడి ఇంకా లాగేస్తుంది. ఆరున్నరకు ఓవెన్ వేడిచేసి, ఏడు గంటలకల్లా మొదటి విడత లోపలికి పంపండి. అరగంటలో లేత పసుపు రంగు తిరగగానే, అంటే ఇంకో పది నిమిషాల్లో అయిపోతాయి అనగా బయటికి తీసేయండి. రెండో విడత కూడా అంతే. రెండింటినీ వెడల్పుగా పరిచి, మూత లేకుండా వదిలేయండి. హాట్‌బాక్స్‌లో మాత్రం వేయొద్దు. లోపలి ఆవిరికి ఐదు నిమిషాల్లో మెత్తబడిపోయి, అప్పటిదాకా పడ్డ కష్టమంతా పోతుంది. సగం కాలినవి బయట రెండు గంటలకు మించి ఉంచకండి, ఇంకా ఆలస్యం అయ్యేలా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టండి.

నలుగురైదుగురు వచ్చి కూర్చున్నాక ఓవెన్ 230కి వేడిచేసి మొదటి విడత 8 నుంచి 10 నిమిషాలు కాల్చి, మసాలా కలిపి, నేరుగా వాళ్ల మధ్యకు తీసుకెళ్లండి. వాళ్లు తింటుండగా రెండోది లోపల పెట్టండి. ఆలస్యంగా వచ్చినవాళ్లకు కూడా వేడిగానే అందుతుంది, ముందు వచ్చినవాళ్లకు ఇంకోసారి వడ్డించినట్టూ ఉంటుంది. మీరు కూడా వంటగదిలో ఉండిపోకుండా వాళ్లతో కూర్చోవచ్చు. పక్కన గట్టి పెరుగు గుడ్డలో కట్టి రెండు గంటలు వేలాడదీసి, అందులో కొత్తిమీర, ఒక పచ్చిమిర్చి నూరి కలిపితే చాలు. పల్చటి పెరుగు ముక్క మీద పడితే కరకర పోతుంది. నిమ్మకాయ కూడా ముందే పిండకండి, బద్దలు పక్కన పెట్టండి.

డీప్ ఫ్రై మేలా అన్నారు. పదిమందికి వాయి వాయికీ స్టవ్ దగ్గర నిలబడాలి, లీటరు నూనె కావాలి. అతిథులున్న రోజు నేనైతే అది ఎంచుకోను. ఎయిర్ ఫ్రయర్‌లో ఇదే పద్ధతి బ్రహ్మాండంగా వస్తుంది గానీ బుట్ట చిన్నది, ముగ్గురు నలుగురికైతే సరిపోతుంది. మైక్రోవేవ్ ఉన్నవాళ్లు కన్వెక్షన్ మోడ్‌లో మాత్రమే చేయాలి, ఉన్న గరిష్ఠ వేడి పెట్టి ఇంకో పది నిమిషాలు ఎక్కువ ఇవ్వాలి.

ఏమైనా మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, ఆదివారం పొద్దున పెనం మీద చుక్క నూనెతో సన్నటి మంట మీద వేడిచేసుకోండి, మైక్రోవేవ్‌లో పెడితే మెత్తబడతాయి.

వీలైతే గురువారమో శుక్రవారమో పావుకిలోతో ఒకసారి మొత్తం చేసి చూడండి. మీ ఓవెన్‌లో ఏ మూల ఎక్కువ కాలుతోందో, 20 నిమిషాలకు ముక్క లేస్తోందో లేదో తెలుస్తుంది. ఏదైనా తేడా వస్తే ఓవెన్ మోడల్, ఎంత వేడి, ఎంతసేపు పెట్టారో రాయండి, శనివారం లోపు చూసి చెప్తాను.